ఈ బొంత ఏ మీడియం?

ఏ పుణ్యాత్ముడు చెవిన వేశాడో గానీ, మన జనానికి అభిరుచులు లేవని ప్రభుత్వం వారికి ఉన్నట్టుండి ఒకరోజు తెలిసిపోయింది. రోడ్ల మీద గోతులున్నాయనీ, కుళాయిల్లో నీళ్ళు రావనీ ఏళ్ళ తరబడి మొత్తుకున్నా తెలియని వాళ్ళకి ఇది మాత్రం ఇట్టే తెలిసింది. తెలిసిన వెంటనే రాష్ట్ర అభిరుచుల మండలి అని ఒకటి పుట్టింది. దానికో చైర్మన్, ఆ చైర్మన్‌కో కారు, ఆ కారుకో సైరను. జిల్లాకో అభిరుచుల అధికారి. ఇకమీదట ఎవరు ఏ సరదా నేర్చుకున్నా మండలి గుర్తింపు ఉండాలన్నారు. గుర్తింపు లేకుండా గీసినా, కుట్టినా, పాడినా అది అభిరుచి కిందకి రాదట, కాలక్షేపం కిందకి వస్తుందట. కాలక్షేపం చేసేవాళ్ళకి మునిసిపల్ హాలు ఇవ్వరట.

ఆ మునిసిపల్ హాలుతో పని లేకపోతే హైమావతి ఈ గొడవంతా పేపర్లో చదివి, నవ్వుకుని, ఆ పేపరు మీద కూరగాయలు తరుక్కునేది. కానీ ఏం చేస్తుంది, ఆవిడకి దాంతోనే పని పడింది.

హైమావతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ మాటలు ఊళ్ళోవాళ్ళకి కలపడంతోనే సరిపోయింది, తన చేత్తో తను ఒక్క వస్తువు చేసి ఎరగదు. రిటైరయ్యాక ఏం తోచక, కాలవగట్టున మునిసిపల్ హాలు మేడమీద ఆదివారం ఆదివారం ఏదో బొమ్మల క్లాసు జరుగుతోందంటే వెళ్ళింది. ప్రసూన అని ఒక అమ్మాయి, బొమ్మల కాలేజీలో చదువుకుని వచ్చింది, నేర్పేది. గుడ్డ, రంగు, కాగితం, దారం, పాత లేసులు, అన్నీ కలిపి ఒక్క బొమ్మ చెయ్యడం. దాన్ని మిక్స్‌డ్ మీడియా అంటారంది. ఆ తర్వాత ఆర్ట్ క్విల్టింగ్ కూడా ఉందంది.

"క్విల్టింగ్ అంటే ఏమిటమ్మాయ్?"

"బొంత కుట్టడమే ఆంటీ. కాకపోతే బొమ్మ కనబడేలా కుడతాం. పైన రంగులు కూడా వేస్తాం."

"ఓసినీ, బొంతా! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే. వదిన ఎగిరి గంతేస్తుంది."

వదిన అంటే అన్నయ్య భార్య సీతారత్నం. తల్లి పోయిన హైమావతిని చంకనేసుకుని పెంచి పెద్ద చేసింది ఈ వదినే. అన్నయ్య పోయాక ఇద్దరూ ఒక్క ఇంట్లోనే ఉంటున్నారు. పోయినేడు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గానీ, వణుకు మాత్రం సీతారత్నం ఒంట్లోనే ఉండిపోయింది. రోహిణి కార్తెలో ఊరంతా ఉడికిపోతుంటే ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకునేవి. కంబళి కప్పితే గుచ్చుకుంటుందంటుంది. బజారు రగ్గు కప్పితే గుండెల మీద ఎవరో కూచున్నట్టుందంటుంది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతొక్కటే ఒంటికి పట్టేదట.

బొంత మాట చెవిన పడగానే ట్రంకుపెట్టె తీసి మొత్తం హైమావతి ముందు కుమ్మరించింది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన బండారులంక నేత చీరలు, జరీ పోయిన వెంకటగిరి, పెళ్ళినాటి నీలం ఉప్పాడ, అన్నీను.

"కోసుకోవే. దాచుకుని ఏ దేవుడికి చూపించాలి?"

హైమావతి కోసింది. సీతారత్నం పుట్టింటి ఊరి కాలవని బొంత మీదికి తేవాలని ఆవిడ ఆశ. లాకులు, గట్టు, గట్టున కొబ్బరిచెట్లు, కాలవలో పడవ. గట్టంతా గోధుమరంగు ముక్కలు. కాలవకి ఆ నీలం ఉప్పాడ, దాని మీద రంగుతో నీటి మెరుపు. సూది గుచ్చుకుని వేళ్ళు చిల్లులు పడ్డా ఆదివారం మానలేదు. మొదటి పడవ తిన్నగా కుదరక బొప్పాయికాయలా వస్తే విప్పి మళ్ళీ కుట్టింది. తన చేతిలోంచి ఒక బొమ్మ పుడుతోందంటే ఆవిడకి ఎంత సంతోషమంటే, ఆదివారం రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే చెప్పేది.

"చెప్పడమే గానీ కప్పడం లేదు. నా చీరలన్నీ కోసి పోగులు పెట్టావు. వణికి చస్తుంటే వేణ్ణీళ్ళ సీసా ఇచ్చి సరిపెడుతున్నావు," అని సాధించేది సీతారత్నం.

"అయిపోవచ్చింది వదినా. కాలవలో నీళ్ళే మిగిలాయి."

సరిగ్గా ఆ నీళ్ళ దగ్గరే ఊడిపడ్డాడు పరాంకుశం.

ఈయన జిల్లా అభిరుచుల అధికారి. అంతకు ముందు విద్యాశాఖలో పరీక్షల విభాగంలో జీవితమంతా గడిపిన ఘనుడు. అక్కడ ఎవరితోనూ పడక, ఎక్కడ పడెయ్యాలో తోచక, పైవాళ్ళు తెచ్చి అభిరుచుల్లో పడేశారు. అభిరుచి అంటే ఆయనకి తెలిసినదల్లా నోట్లో పెట్టుకునేదే. బంట్రోతు సూర్రావుని వెంటేసుకుని మెట్లెక్కి, తలుపు మీద బోర్డు చూసి అక్కడే ఆగిపోయాడు.

బోర్డులన్నీ తెలుగులో ఉండాలని అదివరకే ఇంకో ఉత్తర్వు ఉంది కదా. దానికి భయపడి పాపం ప్రసూన నిఘంటువు తిరగేసి "మిశ్రమ మాధ్యమ చిత్రకళ" అని రాయించింది.

"మిశ్రమ మాధ్యమమా!" అన్నాడు పరాంకుశం, గదిలో పాముని చూసినట్టు. "ఎవరిచ్చారమ్మా మీకు అనుమతి?"

"దేనికండీ?"

"ఒక తరగతి గదిలో ఒకే బోధనా మాధ్యమం ఉండవలెనని స్పష్టమైన నిబంధన ఉన్నది. మీది తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా?"

ప్రసూన నోరెళ్ళబెట్టింది. "సార్, ఇది ఆ మీడియం కాదండీ. రంగు ఒక మీడియం. గుడ్డ ఒక మీడియం. అవి రెండూ కలిపి..."

"రెండు మీడియాలూ కలిపి నడుపుతున్నట్టు సదరు ఉపాధ్యాయిని స్వయంగా అంగీకరించినారు. వ్రాసుకో సూర్రావూ."

హైమావతి సూది పక్కన పెట్టి లేచింది. "బాబూ, ఇక్కడెవరూ పాఠాలు చెప్పడం లేదు. సరదాగా బొమ్మలు వేసుకుంటున్నాం. మాధ్యమం అంటే..."

"అమ్మా! మాధ్యమమంటే ఏమిటో నాకు చెప్పవద్దు. నా ప్రమోషన్లన్నీ మాధ్యమాల మీదనే వచ్చినవి."

అలాంటి వాడితో ఏం మాట్లాడతాం చెప్పండి!

మరుసటి ఆదివారానికల్లా హాలు మధ్యన తెర వేలాడుతోంది. అటు ఇంగ్లీషు మీడియం, ఇటు తెలుగు మీడియం. బళ్ళో ఎవరు ఏ మీడియంలో చదివారో వాళ్ళు ఆ పక్కన కూచోవాలి. సామాను కూడా మాధ్యమాన్ని బట్టి పంచేశారు. గుడ్డ, దారం, సూది, కత్తెర తెలుగు మాటలు గనక తెలుగు మీడియం. ఆక్రిలిక్కు, కాన్వాసు, లేసు ఇంగ్లీషు మీడియం. కుట్టుమిషను సగం అదీ సగం ఇదీ కాబట్టి పైఅధికారుల నిర్ణయం వచ్చేదాకా దానికి గోనెపట్టా కప్పి సీలేశారు. బొత్తాం మన మాట కాదు, పోర్చుగీసు వాళ్ళదని ఎవడో తెలివైనవాడు అందించేసరికి బొత్తాలన్నీ కవర్లో పెట్టి రాజధానికి పంపించేశారు. అవి ఇప్పటికీ రాలేదు.

అసలు తమాషా కుంచెల దగ్గర వచ్చింది. కుంచె అచ్చ తెలుగు మాట, అందుకని కుంచెలన్నీ ఇటొచ్చాయి. రంగులన్నీ ఆక్రిలిక్కే గనక అటు పోయాయి. ఇటువాళ్ళు పొడి కుంచెలు పట్టుకుని గోళ్ళు గిల్లుకుంటుంటే, అటువాళ్ళు రంగులో వేళ్ళు ముంచి గోడకి పిడకలు కొట్టినట్టు కొట్టారు. ఎంతో ముచ్చటపడి సూది పట్టడం నేర్చుకోవడానికి వచ్చిన బ్యాంకు మేనేజరమ్మ, కాన్వెంటులో చదివిన పాపానికి దారం ముట్టుకోకూడదని చెప్పేసరికి ఏడ్చినంత పని చేసింది. ప్రసూన పదో తరగతి దాకా తెలుగు, ఆపైన ఇంగ్లీషు. అందుకని ఆ పిల్లని తెర కిందే నిలబెట్టారు. ఇటు తిరిగితే సూది గురించి చెప్పాలి, అటు తిరిగితే రంగు గురించి చెప్పాలి, తిన్నగా నిలబడితే నోరు మూసుకోవాలి.

హైమావతి చదివింది మునిసిపల్ బాలికల హైస్కూలు, నికార్సయిన తెలుగు మీడియం. కాలవలో నీళ్ళు సగం వేసి ఉన్నాయి, మిగతా సగానికి కావలసిన నీలం రంగు తెర అవతల ఉంది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ రంగు వేలెడు ఇలా అందించమ్మాయ్," అని తెర కింద చెయ్యి పెట్టింది.

"మాధ్యమ మార్పిడికి దరఖాస్తు పెట్టుకొనవలెను," అన్నాడు గుమ్మంలోంచి పరాంకుశం. "తండ్రిగారి సంతకముతో."

"మా నాన్న పోయి ఎన్నేళ్ళయిందో!"

"ఆ విషయమూ దరఖాస్తులో పేర్కొనవచ్చును."

ఇలా ఉండగా మండలి చైర్మన్ గారే స్వయంగా ఊరికి వస్తున్నారనీ, అభిరుచి మహోత్సవం జరుగుతుందనీ కబురొచ్చింది. ఎవరు చేసిన వస్తువు వాళ్ళు ముందుగా చూపించాలి, మార్కులు వేస్తారు. హైమావతి కుట్టినంత మటుకు అంచులు మడిచి, బొంత బల్ల మీద పరిచింది. పరాంకుశం వంగి అటూ ఇటూ చూశాడు. గట్టు మీద ఆగాడు, నీళ్ళ మీద ఆగాడు, తల పంకించాడు.

"ఈ వస్తువు నందు రెండు మాధ్యమములు ఉన్నవి. గట్టు వరకు తెలుగు. నీళ్ళు ఇంగ్లీషు. ఒకే గదిలో ప్రదర్శించుటకు వీలు లేదు. కావున విభజించవలెను. సూర్రావూ, కత్తెర."

"విభజించడమేమిటి?" అంది హైమావతి.

"గట్టు వెంబడి కోసినచో మీకే ఇబ్బందీ ఉండదు. రెండు ముక్కలకూ వేరువేరుగా మార్కులు వేయుదుము."

సూర్రావు కత్తెర తెచ్చాడు. మంచివాడే, చేతులాడక ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. హైమావతి బొంత అంచు గట్టిగా పట్టుకుంది. మళ్ళీ కుడదామన్నా ఆ చీరలు ఎక్కడ దొరుకుతాయి? వదిన ట్రంకుపెట్టె ఖాళీ. ఇంట్లో ఆ మనిషి మంచం మీద ముడుచుకుని ఎదురుచూస్తోంది. ఈ మహానుభావుడు కాలవని గట్టు వెంబడి కోస్తానంటున్నాడు! ఏం చెయ్యాలో తోచని ఆ క్షణంలో ఆవిడ నోటికి ఏదొస్తే అదే అనేసింది.

"ఆగండి! ఇది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. సంస్కృతం."

"సంస్కృతమా?"

"ఆయ్. బొంతని సంస్కృతంలో కంథ అంటారు. ఇది కంథ. కావాలంటే నిఘంటువు చూసుకోండి."

ఇంటర్మీడియట్‌లో అందరిలాగే హైమావతి కూడా మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుంది. రెండేళ్ళు చదివాక ఆవిడకి గుర్తున్నది ఈ ఒక్క మాటే. కానీ ఆ మాట ఎంత పని చేసిందంటే, పరాంకుశం మొహంలో కాఠిన్యమంతా కరిగిపోయింది. పరీక్షల విభాగంలో పుట్టి పెరిగిన మనిషి కదా, సంస్కృతం పేపరు ఎలా దిద్దాలో ఆయనకి ఒకరు చెప్పాలా?

"ముందే సెలవివ్వకూడదా తల్లీ!" అని రెండు చేతులా బొంతని మడిచేశాడు. మడిచి, కళ్ళకద్దుకుని, మళ్ళీ విప్పకుండా దాని మీద ఒక చీటీ అంటించి తొంభైతొమ్మిది అని వేశాడు.

హైమావతికి ప్రాణం లేచొచ్చింది. అయినా నోరూరుకోక, "ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించారండీ?" అంది.

"వందకు వంద వేసినచో చూడకుండా వేసితిమని అందురు."

ఆవిడ దణ్ణం పెట్టి బొంత చంకలో పెట్టుకోబోయింది. పరాంకుశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికమ్మా? మార్కులు వేసిన తరువాత ఇది జవాబు పత్రము. జవాబు పత్రములు అభ్యర్థులకు తిరిగి ఇవ్వబడవు."

"అదేమిటండీ, ఇది మా వదిన కప్పుకోవడానికి కుట్టింది!"

"జవాబు పత్రమును కప్పుకొనుటకు నిబంధనలు అనుమతించవు. ఉత్సవము నాడు వేదికపై చూపించి, అటుపిమ్మట గడువు ముగియగానే తక్కిన జవాబు పత్రములతో పాటు కాగితపు మిల్లుకు పంపెదము."

"బొంతని కాగితాల మిల్లులో వేస్తారా!"

"నిబంధన అందరికీ సమానమే," అన్నాడు పరాంకుశం. బొంతని ఇనప బీరువాలో పెట్టించి, లక్కతో సీలేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

హైమావతి ఇంటికెళ్ళి చెప్పుకుని ఏడ్చింది. సీతారత్నం మొదట అర్థంకాక మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాక లేచి కూచుంది.

"నా పెళ్ళి చీరకి మార్కులు వెయ్యడానికి వాడెవడే? మిల్లులో వేస్తాడా? వాడి చేతులు పడిపోనూ! ఆ ఉత్సవమేదో ఎప్పుడు?"

"శుక్రవారం."

"నేనూ వస్తాను. మిల్లుకి పోయేలోపల కంటితోనైనా చూస్తాను."

"ఈ వణుకుతో ఎలా వస్తావు వదినా?"

"ఇంట్లో ఉంటే వణకడం లేదా? ఆటో పిలు."

శుక్రవారం హాలంతా రంగుకాగితాలు కట్టారు. పొద్దున్న వస్తానన్న చైర్మన్ గారు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చారు. స్వాగతోపన్యాసం, పరిచయోపన్యాసం, పరిచయం చేసినాయన్ని పరిచయం చేసే ఉపన్యాసం అన్నీ అయ్యాయి. తర్వాత సన్మానాలు మొదలయ్యాయి. సభన్నాక శాలువాలు లేకుండా ఎలా? సూర్రావు స్టీలు పళ్ళెంలో శాలువా పట్టుకొస్తాడు. చైర్మన్ గారు చెయ్యి చాపుతారు, చేతిలో పడ్డదాన్ని ఎదురుగా ఉన్నవాళ్ళ భుజాల మీద కప్పుతారు, కెమెరా వైపు తిరిగి పళ్ళికిలిస్తారు. కప్పించుకుంటున్నది ఎవరో ఆయన చూడడు. కప్పుతున్నది ఏమిటో అసలే చూడడు. మైకు సరిచెయ్యడానికి వేదికెక్కిన కుర్రాడికి కూడా ఒకటి కప్పేశాడు. ఆ పిల్లాడు సిగ్గుపడుతూ దాంతోనే దిగాడు.

ముందు వరసలో వణుకుతున్న వదిన చెయ్యి పట్టుకుని కూచున్న హైమావతి ఇదంతా కళ్ళప్పగించి చూసింది. చూసి చూసి, వదిన చెవిలో ఏదో చెప్పింది.

"తస్సాదియ్యా! పద," అంది సీతారత్నం.

పరాంకుశం మైకు ముందుకొచ్చాడు. "ఇప్పుడు సంస్కృత మాధ్యమమున ప్రథమ స్థానము పొందిన జవాబు పత్రమును గౌరవ చైర్మన్ వారు తిలకించెదరు. అభ్యర్థి హైమావతి గారు వేదికపైకి రావలెను."

అటునుంచి సూర్రావు పళ్ళెంలో మడత విప్పని బొంతతో వచ్చాడు. ఇటునుంచి హైమావతి వదినని నడిపించుకుంటూ మెట్లెక్కింది. వదినని తీసుకెళ్ళి చైర్మన్ గారి ఎదురుగా నిలబెట్టింది. తను సూర్రావు పక్కకి చేరి, "ఇలా ఇవ్వు బాబూ, నేనందిస్తాను," అని బొంత తీసి, చాచి ఉన్న చైర్మన్ గారి చేతుల్లో పెట్టింది. సూర్రావుకి అర్థమయింది. అర్థం కానట్టు పళ్ళెం చంకలో పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

చైర్మన్ గారు అలవాటు ప్రకారం విప్పారు, సీతారత్నం భుజాల చుట్టూ కప్పారు, కెమెరా వైపు తిరిగి పళ్ళికిలించారు. ఫెళ్ళున చప్పట్లు. బొంత కాస్త పెద్దది కావడంతో సగం ఆయన కాళ్ళకి కూడా చుట్టుకుంది.

"సార్! సార్!" అని పరిగెత్తుకొచ్చాడు పరాంకుశం. "అది జవాబు పత్రము సార్. వెనక్కి తీసుకోవాలి."

"ఏమిటి తీసుకునేది?"

"ఆవిడ కప్పుకున్నది సార్."

చైర్మన్ గారి మొహం కందగడ్డయింది. "నా చేత్తో నేను కప్పిన శాలువా, విలేఖర్లు ఫోటోలు తీస్తుంటే, నా ఎదుట లాక్కుంటావా? పెద్దావిడ మీంచి? ఏమయ్యా, నన్ను అవమానించాలని ఎవరు పంపించారు నిన్ను?"

"అబ్బే, నిబంధన ప్రకారం సార్..."

"సన్మానం చేసిన శాలువా తిరిగి లాక్కోమని ఏ నిబంధనలో ఉంది? చూపించు!"

పరాంకుశానికి జీవితంలో మొదటిసారి చూపించడానికి నిబంధన దొరకలేదు. తాళంచెవి ఉన్న జేబుని ఊరికే తడుముకున్నాడు.

ఇంతలో ఎవరో మైకు తెచ్చి సీతారత్నం మూతి దగ్గర పెట్టారు. "సన్మాన గ్రహీత రెండు మాటలు మాట్లాడాలి."

సీతారత్నం చుట్టూ చూసింది. వెనకాల చైర్మన్ గారి కోసం తెప్పించిన ఎర్ర మఖమల్ కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూచుని, కాళ్ళు పైకి పెట్టుకుని, బొంత గడ్డం దాకా లాక్కుంది.

"మాట్లాడ్డానికేముంది నాయనా? ఏడాదిగా వణుకుతున్నాను, ఇవాళ్టికి ఒంటికి వెచ్చగా తగిలింది. నన్ను కాసేపు లేపకండి," అని కళ్ళు మూసుకుంది.

ఎవరు లేపుతారు? లేపితే సన్మానం పొందిన పెద్దావిణ్ణి లేపినట్టవుతుంది, బొంత లాగితే చైర్మన్ గారి చేతిని లాగినట్టవుతుంది. అంతమంది అధికారుల్లోనూ దగ్గరికి వెళ్ళే మొగాడు లేకపోయాడు. చైర్మన్ గారు కుర్చీ లేక నిలబడే "ప్రజాజీవితంలో అభిరుచి ఆవశ్యకత" మీద గంటసేపు ఉపన్యసించారు. మైకులో ఆయన గొంతుతో పాటు సన్నగా ఒక గురక కూడా వినిపించింది. విన్నవాళ్ళెవరూ విన్నామనలేదు.

హైమావతి వేదిక మీదే కుర్చీ పక్కన చతికిలబడింది. వదిన కాళ్ళ మీంచి జారుతున్న అంచు సర్దింది. రంగు వెయ్యని సగం కాలవ ఆవిడ మోకాళ్ళ దగ్గరుంది, అది రేపు ఇంట్లోనే వేసుకోవచ్చు. బొంత కిందికి చెయ్యి పోనిచ్చి వదిన చెయ్యి పట్టుకుని చూసింది. వణుకు లేదు.